సకీనాబీకి పట్టిన నిద్ర

రాత్రి సకీనాబీ తాగకుండా వదిలేసిన పాలు పొద్దున్నే తాగిన వీధికుక్క, మధ్యాహ్నమైనా పెరటి గుమ్మం దగ్గర నుంచి లేవలేదు.

ఆ పాలు కుక్కకు పోసింది బషీరాబీయే. అక్క సకీనాబీని చూడడానికి నిన్న నక్కపల్లి నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చింది. ఇప్పుడు కుక్కను కాలితో కదిపింది. ఊపిరి ఉంది, ఒంట్లో బిగువు లేదు. మంచం కింది గ్లాసు తీసి, అడుగున అంటుకున్న మీగడ నాలుక మీద పెట్టుకుంది. బెల్లం తీపి వెనకనే చేదు.

రేపటి రైల్లో సకీనాబీని విశాఖపట్నం పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నారు.

పోయిన ఏడాది ఎండాకాలంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. మూటాముల్లెతో అనకాపల్లికి పారిపోయి వచ్చిన జనాన్ని చూసిన నాటి నుంచి సకీనాబీకి నిద్ర కరువైంది. అరవై దాటిన మనిషి, చీకటి పడితే తలుపు తీసుకుని రోడ్డెక్కేది. వానలు మొదలయ్యేసరికి ఎలాగో నిద్ర పట్టింది. కానీ ఆ నిద్రతోపాటే మతి జారడం మొదలైంది. కోడలి పేరు మరిచిపోయేది. అన్నం తిని తినలేదనేది. కారణం లేకుండా ఏడ్చేది. ముసలితనం అన్నారంతా.

బషీరాబీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. అక్క కోడలు ఖమర్జహాన్ పొయ్యి ఊదుతోంది.

"ఒలే, మీ అత్త పాలల్లో ఏటి కలిపేవు?"

"బెల్లం, చిన్నత్తా. పంచదార కలపమంటే కంట్రోలు షాపులో నువ్వు నిలబడు."

"పరాసికాలు కాదు. ఈ పాలు తాగిన కుక్క సచ్చినట్టు పడుంది."

ఖమర్జహాన్ ఊదుగొట్టం కింద పడేసింది. "నా మీదికొత్తన్నావా? కాసడం వరకే నా పని. మంచం దగ్గరికి మామే అట్టుకెళ్తాడు. ఇంకెవుర్నీ ముట్టనీడు. వీధిలో ఆడోళ్ళంతా, మొగుడంటే అలాటోడు అని మురిసిపోతన్నారు కూడాను!"

బషీరాబీ అక్క దగ్గరికి వెళ్లి కూర్చుంది. సకీనాబీ ఆగకుండా ఆవలిస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కాళ్లు పీకుతున్నాయని పిక్కలు నొక్కుకుంటోంది. నిన్న రాత్రి చెల్లెలితో కబుర్లలో పడి పాల సంగతే మరిచిపోయింది.

"నాకు మతి పోయిందా, బసీరా?"

"ఎవులన్నారు?"

"అందరూ. అక్కడ నన్ను వదిలేత్తే, సూడ్డానికొచ్చినోళ్ళని నాను పోల్చుకోకపోతే, ఇంక ఇంటికి తీసుకురారు గదా?"

బషీరాబీ లేచింది. ఆమె బావ, సకీనాబీ భర్త హిదాయతుల్లా, జుమ్మా నమాజు నుంచి అప్పుడే వచ్చాడు. వెనకే కొడుకు రసూల్. ముసలాయన డెబ్బయ్యో పడిలో కూడా దూదేకే విల్లు వదల్లేదు. ఆయన టోపీ తీయకముందే బషీరాబీ గ్లాసు నిండా పాలు పోసి ముందు పెట్టింది.

"రోజూ అక్క పాలల్లో కలిపేది కలుపు, బావా. కలిపి నువ్వు తాగు."

"ఇదేటి పిన్నీ?" రసూల్ అడ్డం వచ్చాడు. "నాయనతో ఎకసెక్కాలా?"

హిదాయతుల్లా కొడుకును చేత్తో పక్కకు తప్పించాడు. లాల్చీ జేబులోంచి కాగితం పొట్లం తీసి గ్లాసు పక్కన పెట్టాడు. విప్పితే నల్లటి ముద్ద. నల్లమందు.

గోడకు చేరబడి మెల్లగా కూలబడ్డాడు.

"నానే సేసేను. సిన్నప్పుడు విల్లు మోతకి నువ్వు గుక్కపట్టి ఏడిసేవోడివి, రసూలూ. మీ యమ్మే ఆవగింజంత నీ నాలిక్కి రాసి పడుకోబెట్టేది. దూదేకులోళ్ళ ఇళ్ళల్లో పిల్లలంతా అలాగే పెరిగేరు. పిల్లలకి పడింది ముసిల్దానికి పడదా అనుకున్నాను. ఆ ఎండాకాలమంతా గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. ఓ రేత్రి నాకు కన్నంటుకుంది. లేచి ఎతికితే రైలు పట్టాల మీద కూకుని ఉంది. పగలు దూది ఏకాలి, రేత్రి దీన్ని కాయాలి, ఎన్నాళ్ళని? ఆవగింజ కందిగింజయింది. అదీ సాలక శెనగ్గింజంత సేసేను. కోడలి పేరు మరిసిపోయిన్నాడే నాకు అనుమానం తగిలింది. అయినా మానలేకపోయేను. మానితే మళ్ళీ రోడ్డెక్కుతాది గదా. రేపటి పెయానం మానుకో రసూలూ, దీనికి పిచ్చి నేదు. సకీనా కోసవే ఇత్తన్నానని నాకు నానే సెప్పుకున్నాను. నిద్ర కావలసింది నాకు."