చిటికెన వేలంత శంకరరావు

ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో నూకాలమ్మ చేతిపని తెలియని గడప లేదు. పెళ్ళిపందిరికి పూసల తోరణం కావాలన్నా, బడి నాటకానికి అట్టకిరీటం కావాలన్నా, చంటిపిల్లకు గుడ్డబొమ్మ కావాలన్నా జనం వచ్చి ఆమె గుమ్మం ముందే నిలబడతారు. మొగుడు శంకరరావుకు అదంటే కొండంత గర్వం. గర్వం ఉంటే ఉండొచ్చు, మనసులో పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆ మహానుభావుడు మాత్రం ప్లాంటులో తను పనిచేసే ఇంజన్ల షెడ్డులో నలుగురి ముందూ మాట ఇచ్చేసి ఇంటికొచ్చాడు.

"ఒలే నూకాలూ, విశ్వకర్మ పూజకి మా షెడ్డోలు బొమ్మ రైలు సేత్తన్నారు. ఇంజనుంది, కరిగిన ఇనుము మోసే గిన్నె బండ్లున్నాయి, గార్డు డబ్బా ఉన్నాది. అన్నీ బావున్నాయి గానీ మనుసులు లేరు. నువ్వు సేసిపెడతావని సెప్పేసినాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే కాదంటావేటి?"

కాదనదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైగా విశ్వకర్మ పూజ అనగానే ఆమెకు కాలు నిలవలేదు. ప్లాంటు గేట్లు ఇంటివాళ్ళ కోసం తెరిచేది ఏడాదికి ఆ ఒక్కరోజే. వీధిలో ఆడవాళ్ళంతా ఎన్నోసార్లు వెళ్ళొచ్చి కొలిమి అలా ఉంది, క్రేను ఇలా ఉంది అని కథలు చెప్పేవారు. నూకాలమ్మకు మాత్రం ఒక ఏడు పురుడు, ఒక ఏడు జ్వరం, ఒక ఏడు శ్రీకాకుళం ప్రయాణం, ఏదో ఒకటి అడ్డొచ్చేది. పెళ్ళై ఇన్నేళ్ళయినా మొగుడు పనిచేసే చోటు ఎలా ఉంటుందో ఆమె కంటితో చూడలేదు. ఈసారి భూమి బద్దలైనా వెళ్ళి తీరాలని ఒట్టు పెట్టుకుంది.

"ఎంతమంది మనుసులు?" అని అడిగింది.

"ముగ్గురు. డ్రైవరు, అసిస్టెంటు, గార్డు. మా ఇంజనీరు వెంకటేశ్వరరావుగారు సెప్పినారు, బండి మీద ఉండే ముగ్గురూ సాలని."

"మరి నువ్వో?"

శంకరరావు నవ్వేశాడు. "నాను బండి మీద ఉండను కదే. కిందుంటాను."

"కిందుండి ఏటి సేత్తావు?"

"ఏటుంది సెయ్యడానికి? ఇంజను ఎనక్కొత్తాది. ఇంజనుకీ గిన్నె బండికీ మజ్జిన కొక్కెం తగిలిత్తాను. అంతే."

అంతే అన్నాడు, అన్నం పెట్టమన్నాడు. నూకాలమ్మకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. ఇన్నేళ్ళ తరవాత తను మొదటిసారి వెళ్ళబోతోంది, అక్కడ అందరూ ఉండి తన మొగుడే ఉండడా? ముగ్గురంటే ముగ్గురు, సరే. నాలుగోవాడి సంగతి తను చూసుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి ఆమె ఇల్లు ఇల్లులా లేదు. పైపులు కారితే పూసే ఎంసీల్ తెప్పించి, రెండు ముద్దలూ కలిపి పిసికి, ఫ్యూజు తీగను వంచి అస్థిపంజరంలా చేసి దాని మీద ఒళ్ళు పెట్టింది. మనిషి పొడవు చిటికెన వేలంత. గట్టిపడేలోగా ముక్కూ చెవులూ తీర్చాలి, అందుకని పొయ్యి మీద పులుసు మాడినా పట్టించుకోలేదు. డ్రైవరు శ్యామసుందర్‌ను ఆమెకు తెలుసు, విజయనగరం మనిషి, పక్క వీధిలోనే ఉంటాడు. ఆయన బొజ్జ, కిటికీ మీద మోచెయ్యి ఆనించే తీరు అచ్చుగుద్దినట్టు దించింది. గార్డు చేతికి జాకెట్టు ముక్క నుంచి కత్తిరించిన ఎర్రజెండా, పచ్చజెండా పెట్టింది. అంతటితో ఊరుకుంటే ఆమె నూకాలమ్మ ఎందుకవుతుంది? ఇంజను గదిలో పెట్టడానికి పెసరగింజంత టిఫిను డబ్బా, చెవిపోగు పూసతో లాంతరు, చెయ్యి తుడుచుకునే మసిగుడ్డ, ఆఖరికి గార్డు డబ్బాలో నీళ్ళ కూజా కూడా చేసింది.

"అమ్మా, మేరా నెయిల్‌పాలిష్ కహా హై?" అని కూతురు అమ్ము కాలేజీ నుంచి రాగానే ఇల్లంతా వెతికింది.

"గార్డు జెండాకి అంటించీసినానమ్మా. రంగు భలేగా కుదిరింది."

అమ్ము లబోదిబోమంది. కానీ లాంతరు చూసి, టిఫిను డబ్బా చూసి, కోపం మరిచిపోయి కూర్చుని డ్రైవరుకు మీసం దిద్దింది. పిల్లకు తెలుగు కంటే హిందీ బాగా వచ్చుగానీ, చెయ్యి మాత్రం తల్లిదే.

మూడు బొమ్మలూ శంకరరావు పట్టుకుపోయాడు. నాలుగోది నూకాలమ్మ కుంకుమ భరిణెలో దాచింది. మెడలో తువ్వాలు, కాస్త వంగిన ఎడమ భుజం, పైకెత్తిన కుడిచెయ్యి. ఆ చెయ్యి ఎందుకంటే, షిఫ్టుకు వెళ్ళేటప్పుడు సందు మలుపులో సైకిలు ఆపి అతను రోజూ అలాగే చెయ్యెత్తుతాడు. ఆమె గుమ్మంలో నిలబడి అది చూశాకే లోపలికి వస్తుంది. ఆమెకు మొగుడంటే కళ్ళలో మెదిలేది ఆ చెయ్యే.

పూజనాడు తల్లీకూతుళ్ళు కొత్త చీరా, కొత్త సల్వారూ కట్టుకుని గేటు దాటారు. దాటగానే నూకాలమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూయడం మరిచిపోయింది. ఎటు చూసినా పైపులు, పొగ, ఆకాశాన్ని పట్టుకున్న గొట్టాలు. షెడ్డులో బంతిపూల దండలు వేసిన ఇంజను ఇంటికంటే ఎత్తుగా నిలబడి ఉంది. "అమ్మో, ఇంజనంటే ఇంతుంటాదా!" అని పైకే అనేసింది. చుట్టూ బెంగాలీలు, ఒడియావాళ్ళు, ఛత్తీస్‌గఢీలు, తెలుగువాళ్ళు, పిల్లాపాపలతో తిరనాళ్ళలా ఉంది. ధూపం, బూందీ, ఇంజను నూనె, మూడూ కలిసి ఒకటే వాసన.

విశ్వకర్మ పటం పక్కన పెద్ద బల్ల. దాని మీద గుండ్రంగా పట్టాలు, వాటి మీద బొమ్మ రైలు. ఇంజను మూరెడు పొడవుంది. గిన్నె బండ్లలో ఎర్రకాగితం కింద బల్బులు పెట్టాడు ఎలక్ట్రీషియన్ మనోజ్‌కుమార్, కరిగిన ఇనుము నిజంగా కాగుతున్నట్టే ఉంది. జనం ఎగబడి చూస్తున్నారు. "అరే, శ్యామసుందర్ భయ్యా హై! తోంద్ దేఖో!" అని ఒకడు డ్రైవరు బొజ్జ చూసి కేక పెట్టాడు. శ్యామసుందర్ పొంగిపోయి తన మీసం, బొమ్మ మీసం పోల్చి చూసుకున్నాడు. ఇంకొకడు టిఫిను డబ్బా కనిపెట్టాడు. మరొకడు కూజా కనిపెట్టాడు. ఒక్కొక్కటి కనిపెట్టినప్పుడల్లా ఈలలు, చప్పట్లు. నూకాలమ్మ చెవులు ఎర్రబడ్డాయి, సంతోషం పట్టలేక అమ్ము చెయ్యి నలిపేసింది.

ఇంతలో హారతికి గంట మోగింది. అందరూ పటం వైపు తిరిగారు. ఇదే అదను అనుకుని నూకాలమ్మ భరిణె తీసింది. ఇంజను ఒకచోట, గిన్నె బండ్లు జానెడు దూరంలో ఇంకోచోట ఉన్నాయి. ఇంజనుకీ బండికీ మజ్జిన. మొగుడి మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చిటికెన వేలంత శంకరరావును సరిగ్గా ఆ జానెడు జాగాలో పట్టాల నడుమ నిలబెట్టి, చేతులెత్తి దణ్ణం పెట్టుకుంటున్న గుంపులో తనూ కలిసిపోయింది.

హారతి అయింది. వెంకటేశ్వరరావుగారు కొబ్బరికాయ కొట్టి, "ఇక నడిపించవయ్యా మనోజ్, మన ఇంజను వెళ్ళి బండ్లకు ఎలా తగులుతుందో అందరూ చూస్తారు" అన్నారు. మనోజ్‌కుమార్ జనం వంక చూసి నవ్వుతూ స్విచ్చి వేశాడు. ఇంజను గుర్రుమని వెనక్కి కదిలింది. నూకాలమ్మ మునివేళ్ళ మీద నిలబడింది. ఇప్పుడు చూస్తారు, ఇప్పుడు అందరూ తన మొగుణ్ణి చూస్తారు.

చూశారు. మొదట ఎవరు చూశారో తెలియదు. "రోకో!" అని ఒక గొంతు, మధ్యలో మనిషున్నాడంటూ "ఆదమీ హై! బీచ్ మే ఆదమీ హై!" అని ఇంకో గొంతు, ఆ వెంటనే షెడ్డు షెడ్డంతా ఒక్కసారి "రోకో, రోకో" అని అరిచింది. బొమ్మ రైలుకు అరుస్తున్నామని ఒక్కడికీ గుర్తు లేదు. శ్యామసుందర్ అంత బొజ్జనూ వేసుకుని బల్ల మీదికి ఉరికి తీగను పీకేశాడు. ఇంజను ఆ బొమ్మ మనిషి గుండెకు గోరంత దూరంలో ఆగింది.

నూకాలమ్మ మొగుడి వంక చూసింది. శంకరరావు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు పెట్టినారిది?" అన్నాడు శ్యామసుందర్.

"నానే అన్నయ్యా" అంది నూకాలమ్మ. "మజ్జిన నిలబడతానని ఆయనే సెప్పినాడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. శ్యామసుందర్ ఆమెను పిలిచి దండలు వేసిన అసలు ఇంజను వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ రుబ్బురోలంత ఇనప కొక్కెం వేలాడుతోంది. కొక్కెం తగిలించడమంటే ఆమె ఇన్నాళ్ళూ ఎద్దును బండికి కట్టడం లాంటిదనుకుంది. దాని ముందు నిలబడి చూస్తే తన మొగుడు ఎంత ఉంటాడో తెలిసొచ్చింది.

"ఇక్కడికి రోజూ దూరతాడా?" అంది.

"బండి ఆగినాకే దూరతాడమ్మా. అంతదాకా అల్లదిగో, పట్టాల పక్కన నాకు కనబడేటట్టు నిలబడి సెయ్యెత్తుతాడు. ఆ సెయ్యి సూసే నాను ఆపుతాను, ఆ సెయ్యి సూసే కదుపుతాను. సెయ్యి కనబడకపోతే అంగుళం కదపను. నువ్వు సరిగ్గా ఆ సెయ్యే సేసినావు, నీకెలా తెలిసింది?"

నూకాలమ్మ తమ వెనకే వచ్చిన మొగుడి వైపు తిరిగింది. శంకరరావు తల వంచుకుని తువ్వాలు సర్దుకుంటున్నాడు. ఆమెకు అతని మీద మండిపోయే కోపం వచ్చింది, అంతకు మించి ప్రేమ వచ్చింది. "ఏటుంది సెయ్యడానికి అన్నావు కదయ్యా" అని మాత్రం అంది.

బల్ల దగ్గరికి తిరిగొచ్చారు. వెంకటేశ్వరరావుగారు బొమ్మను జాగ్రత్తగా తీసి అరచేతిలో పెట్టుకుని, "ముగ్గురే అన్నాను. నాలుగో మనిషి రాకపోతే మన రైలు అసంపూర్తిగానే ఉండిపోయేదమ్మా. ఎక్కడ నిలబెట్టాలో ఇప్పుడు మీరే చెప్పండి" అన్నారు.

ఆమె బొమ్మ తీసుకుంది. పట్టాలకు ఇవతల, బల్ల మీది కంకరలో, కిటికీలో మోచెయ్యి ఆనించిన డ్రైవరుకు ఎదురుగా నిలబెట్టింది. అమ్ము బంకసీసా అందించింది. నూకాలమ్మ కాళ్ళ కింద ఒక చుక్క వేసింది. కాస్త ఆలోచించి ఇంకో చుక్క వేసింది. మళ్ళీ సీసా వంచుతుంటే షెడ్డంతా గొల్లున నవ్వింది, అప్పుడు కదిలింది అందరి ఊపిరి.

"అలా అంటించీస్తే ఎలాగే, లోనకెల్లి కొక్కెం తగిలించేదెవడు?" అన్నాడు శంకరరావు.

"ఈ బండికి నాను తగిలిత్తాను. నువ్వక్కడే ఉండు."

మనోజ్‌కుమార్ తీగ కలిపాడు. ఈసారి అతని చూపు పట్టాల మీద నుంచి కదల్లేదు. ఇంజను గుర్రుమంటూ వెనక్కి వచ్చింది, గిన్నె బండిని ముద్దాడినట్టు తాకింది. నూకాలమ్మ చెయ్యెత్తింది. ఇంజను ఆగింది. అప్పుడు ఆమె రెండు వేళ్ళు ఆ సందులోకి పోనిచ్చి, ఫ్యూజు తీగ కొక్కేన్ని తగిలించింది. అది ఉత్త బొమ్మ. స్విచ్చి మీద మనోజ్ వేలు కూడా లేదు. అయినా ఆ వేళ్ళు లోపల ఉన్నంతసేపూ ఆమె గుండె డప్పులా కొట్టుకుంది.

వేళ్ళు బయటికి తీసింది. పక్కకు జరిగింది. సందు మలుపులో అతను ఎత్తినట్టే కుడిచెయ్యి పైకెత్తింది. షెడ్డులో జనమంతా కేరింతలు కొడుతుండగా, మనోజ్ ఆ చెయ్యి చూసి బండి కదిపాడు.