అవధానులు గారి మూడు ఉదాహరణలు

లోకంలో లేనివాటికి ఉదాహరణగా అవధానులు గారు "కుందేటి కొమ్ము" అనగానే, కొమ్ములున్న కుందేలొకటి వీధిలోంచి అరుగెక్కి, తర్కం పాఠం వింటున్న శిష్యుల పక్కన చాప మీద కూర్చుంటుంది. దానికి బాతు రెక్కలున్నాయి. రెండు కోరలు కూడా ఉన్నాయి.

"ఎవరు నువ్వు?" అంటారాయన.

"వోల్పర్టింగర్‌నండీ. జర్మనీలో బవేరియా అడవులు మావి. రోజూ పిలుస్తున్నారని వచ్చాను."

"పిలవడమేమిటయ్యా! లేవని కదా చెబుతున్నాను."

"లేనని చెప్పడానికైనా పేరెత్తాలి కదండీ. మా ఊళ్ళోనూ ఇంతే. కొత్తవాళ్ళ చేతికి గోనెసంచీ ఇచ్చి, లేని నన్ను పట్టుకురమ్మని అడవికి పంపి, వెనక నవ్వుకుంటారు."

శిష్యులు పుస్తకాలు మూసేస్తారు.

లోపలి గుమ్మంలో నిలబడి ఆయన భార్య సోదెమ్మ అంతా వింటోంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మూడు ఉదాహరణలూ ఆమెకు కంఠతా వచ్చు. కుందేటి కొమ్ము, ఆకాశంలో పూసే పువ్వు, గొడ్రాలి కొడుకు. మూడోది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిస్తారు, పాపం. తగ్గించినా వినబడుతుంది. పిల్లల్లేని సోదెమ్మకు ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది.

ఆమె వచ్చి కుందేలు ముందు కూర్చుంటుంది.

"పట్టుకు చూడనా నాయనా?"

"చూడండమ్మా."

కొమ్ము వెచ్చగా ఉంది, పందిరి గుంజలా గరుగ్గా ఉంది. ఎంత లాగినా ఊడిరాదు. ఆమెకు ఆశ పుడుతుంది. అడగాలంటే భయంగానూ ఉంది.

"నువ్వొక్కడివే వచ్చావా?"

"మిగతా ఇద్దరూ వెనక వస్తున్నారు. పువ్వుకి నడక రాదు కదండీ, మీ అబ్బాయే మోసుకొస్తున్నాడు. అందుకే ఆలస్యం."

సోదెమ్మ లేచి వెళ్ళి ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసి వస్తుంది.

"ఇది తర్కానికి నిలవదే," అంటారు అవధానులు గారు నీరసంగా.

"మీ తర్కాన్ని కాస్త పక్కకి జరగమనండి. విస్తరి వెయ్యాలి."

ఆయన జరుగుతారు. "మరి రేపణ్ణుంచి లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను?" అని కుందేలునే అడుగుతారు. అది కూడా ఆలోచిస్తుంది.

ఇంతలో దుప్పటంత పూరేకు ఒకటి అరుగు మీద రాలుతుంది. సోదెమ్మ వీధిలోకి పరిగెత్తి తలెత్తి చూస్తుంది. అచ్చం అవధానులు గారి ముక్కుతో ఒకడు, చంకలో పువ్వుతో, ఆకాశానికి కాళ్ళానించి తలకిందులుగా నడిచి వస్తున్నాడు. అతని ముఖం ఆమె ముఖానికి ఎదురుగా వచ్చి ఆగుతుంది.

"ఆలస్యమైందమ్మా."

"ముందు కాళ్ళు కడుక్కో," అంటుంది సోదెమ్మ. చెంబు వంచుతుంది. నీళ్ళు తిన్నగా పైకి పారి అతని పాదాల మీద పడతాయి.