మందంత పొట్టేలు

కంబదూరు దాటాక రోడ్డు పక్కన ఎర్రన్న మాంసం ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, హనుమంతప్ప తన గొర్రెల మందంతా అమ్మేసి అందులో పనికి చేరాడు. ఎండలో గొర్రెల వెంట తిరిగిన మనిషికి నెల జీతం, నీడపట్టున పని దొరికితే ఇంకేం కావాలి? తోలు ఒలవడంలో అతనిది మంచి చెయ్యి. మాంసం పెట్టెల్లో గడ్డకట్టి గల్ఫుకు పోయేది.

అంతలో గొర్రెలను ప్రాణంతోనే ఓడెక్కించే వ్యాపారులు దిగారు. మంచి ధర ఇచ్చి, సంతకు రాకముందే దొడ్డి దగ్గరే లారీలకు ఎత్తేసేవారు. గొర్రెతోపాటు దాని తోలు, బొమికలు, దాన్ని కోసేవాడి కూలి కూడా ఓడెక్కి పోతున్నాయంటే ఎవరికి పట్టింది? హనుమంతప్ప పెళ్లాం కదిరమ్మే ఇంటి దగ్గర తను విడిగా సాకిన పొట్టేళ్లను లారీవాళ్లకు అమ్మింది.

"నీ ఫ్యాక్టరీ మీద మోజుతో తక్కువకు అమ్మల్లనా మామా?" అని ఎదురడిగింది.

ఫ్యాక్టరీలో కత్తులు తుప్పు పట్టాయి. గొర్రెలను ప్రాణంతో పంపడం ఆపకపోతే మాకు కోయడానికి ఒక్కటీ మిగలదని ఎర్రన్న ప్రభుత్వంలో పైవాళ్లకు మొరపెట్టుకున్నాడు. నిజమో కాదో చూసి రమ్మని వాళ్లు ఒక ఆఫీసరును పంపారు. ఈ వైనం హనుమంతప్పకు ఎవరూ చెప్పలేదు. ఎర్రన్న అనంతపురం నుంచి ఫోన్ చేసి ఒక్క మాట అని పెట్టేశాడు.

"ఆఫీసరు వస్తాండాడు. నేనొచ్చేలోగా మన పరిస్థితి బాగా చూపించు."

ఆ "బాగా" దగ్గరే కొంప మునిగింది. చుట్టం వస్తే పక్కింట్లో బియ్యం బదులు తెచ్చైనా వండిపెట్టి, లేమిని కనపడనీయని ఊరు అది. హనుమంతప్ప ఇంటికి పరిగెత్తి, కదిరమ్మ దగ్గర మిగిలిన ఒక్క పొట్టేలును లాక్కొచ్చాడు. ఆఫీసరు వచ్చి కూర్చోగానే దాన్ని ముందు గేటులోంచి తోలాడు, ఆయన ఎదుట నడిపించి వెనక తలుపులో బయటికి తీశాడు, చుట్టూ తిప్పి మళ్లీ ముందు గేటుకు తెచ్చాడు. ఒకసారి వీపున ఎర్రమన్ను, ఒకసారి సున్నం, ఒకసారి మెడలో గంట. కాసేపటికి దారి అలవాటై పొట్టేలు తనంతట తానే తిరగసాగింది.

"అబ్బో, ఎంత మందండీ!" అన్నాడు కుర్చీలో చెమట తుడుచుకుంటున్న ఆఫీసరు. "ఒకదాన్ని కోసి చూపించండి."

దీన్ని కోస్తే మంద మొత్తం అయిపోతుంది! హనుమంతప్పకు చటుక్కున మారెమ్మ జాతరలో బలిచ్చే తీరు గుర్తొచ్చింది.

"తలమీద నీళ్లు చల్లుతాము సార్. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకుండా కత్తి పెట్టము."

నీళ్లు చల్లాడు. పొట్టేలు కదల్లేదు. మళ్లీ చల్లాడు. అది ఆఫీసరు ముఖంలోకి చూస్తూ నెమరేసింది. మీ ఊళ్లో గొర్రెలకు కూడా పట్టుదలే అని నవ్వుకుంటూ ఆయన జీపెక్కాడు.

ఎర్రన్న వచ్చీ రాగానే, "ఏమి చూపించినావప్పా?" అన్నాడు.

"మందలు మందలు చూపించినానన్నా. మన పరువు నిలబెట్టినా!"

ఎర్రన్న నెత్తి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

గొర్రెలకు కరువేమీ లేదు, ప్రాణంతో ఎన్నైనా పంపుకోవచ్చని పైనుంచి జవాబొచ్చింది. ఫ్యాక్టరీ మూతపడింది. మందా పోయె, పనీ పోయె. తన చేత్తోనే తన కూట్లో మన్ను పోసుకున్నానని తెలిశాక హనుమంతప్ప కొన్నాళ్లు ఎవరికీ ముఖం చూపించలేదు. చివరికి లారీవాళ్లే దారి చూపారు. గల్ఫులో గొర్రెలైతే దిగుతున్నాయి గానీ, తోలు ఒలిచే చేతులు చాలడం లేదట.

రేవుకు పోయే గొర్రెల లారీలోనే అతనికీ చోటిచ్చారు. పొట్టేలు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఒప్పుకోనిదాన్ని పంపకూడదని కదిరమ్మ దాన్ని అమ్మలేదు.

క్షేమంగా పోయి రావాలని మారెమ్మ గుడి నుంచి తీర్థం తెచ్చి మొగుడి తలమీద చల్లింది. పొద్దున్నే చల్లటి నీళ్లు పడేసరికి హనుమంతప్ప ఒళ్లంతా ఒక్కసారి విదిలించాడు.

"ఒప్పుకున్నట్టేనా మామా?" అంది కదిరమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.