మూరకొక ఎర్ర పోగు

ఎనిమిదో నెల వచ్చేసరికి శరణ్యకు కూర్చోవడం ఒక పని, లేవడం ఇంకో పని అయిపోయింది. ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించాలి, ఆ తర్వాత "అమ్మా" అనాలి. ఆ మాట అనకుండా లేచిన నిండు చూలాలు ఆదోనిలోనే కాదు, ఎక్కడా ఉండి ఉండదు. తన పాదాలు తను చూసుకుని నెల దాటింది. చెప్పులు వేసుకున్నాక కుడిది కుడికే పడిందో లేదో అత్తగారు చూసి చెప్పాల్సిందే. తిన్న ముద్ద గొంతు దగ్గరే ఆగి మంట పుట్టించేది. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు కదా అని పడుకుంటే, పావుగంటకోసారి బాత్రూముకు లేవాల్సి వచ్చేది.

లోపలున్న బిడ్డకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. తల్లి తిరుగుతున్నంతసేపూ బుద్ధిగా నిద్రపోవడం, ఆమె నడుం వాల్చగానే పక్కటెముకల కింద కాలు పెట్టి తన్నడం. మధ్యమధ్యలో వెక్కిళ్లు. కడుపు ఒకే చోట టుక్కు టుక్కుమని అదురుతుంటే శరణ్య పని మానేసి, చీర కుచ్చెళ్ల మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కతే నవ్వుకునేది. ఆయాసం ఉంది, కాళ్ల వాపు ఉంది, నడుం నొప్పి ఉంది. అయినా నిజం చెప్పాలంటే ఆమె పుట్టిన తర్వాత ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

మొగుడు వెంకటసాయి సంతోషం ఇంకో రకం. పత్తి మార్కెట్ యార్డులో కమీషన్ దుకాణం నడిపే మనిషి, పత్తి బస్తాలో చెయ్యి పెట్టి తేమ చెప్పగలడు గానీ, కడుపులో బిడ్డ సంగతికి మాత్రం ఫోన్‌నే నమ్ముకున్నాడు. బిడ్డ ఈ వారం ఫలానా కాయంత ఉంటుందని అది చెప్పేది. ఆ కాయలు ఆదోని కూరగాయల అంగట్లో ఎవరూ కన్నవీ కావు, విన్నవీ కావు. వాళ్లమ్మ అన్నపూర్ణ ఒకటి రెండు వారాలు విని, సొరకాయంత అని చెప్పలేవా అని కోప్పడింది. ఒకరోజు అతను మురిసిపోతూ రెండు బుల్లి గౌన్లు కొని తెచ్చాడు. అన్నపూర్ణ వాటిని సంచీలోంచి బయటికైనా తీయనివ్వలేదు. బిడ్డ భూమ్మీద పడకముందే గుడ్డలు సిద్ధం చేయకూడదు, కీడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని సామెత కూడా చదివింది. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. అయినా అత్తగారు చదివాక సామెత సామెతే. గౌన్లు ఆ పూటే అంగడికి తిరిగిపోయాయి.

అన్నపూర్ణ చెడ్డది కాదు. కోడలికి రోజూ తన చేత్తో జొన్నరొట్టె తట్టి, వెన్న పూసి, ఎదురుగా కూర్చుని తినిపించేది. కాకపోతే ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లాలి. ఇంకో బలహీనత, మనిషిని గుడ్డను బట్టి అంచనా వేయడం. ఆమె చీరలకు పెట్టే గంజి ఎంత బిరుసంటే, మనిషి కనపడకముందే చప్పుడు వినపడేది. పాతికేళ్లుగా ఆమె ఎవరి ముందూ నలిగిన చీరతో నిలబడలేదు.

అక్కడే వచ్చింది చిక్కంతా. శరణ్య తండ్రి తిమ్మయ్య ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. కూతురు ఇంటర్ చదివేటప్పుడే భార్య పోయింది. అప్పటి నుంచి ఆ పిల్లకు జడ వేయడం దగ్గర్నుంచి పెళ్లి దాకా అన్నీ ఆయనే. ఆయన జడ వేస్తే పడుగు బిగించినట్టుండేది, సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు. పెళ్లప్పుడు ఆయన వియ్యపురాలిని ఏమీ అడగలేదు. నెల తప్పిందని తెలిసిన రోజు మాత్రం ఒక్కటి అడిగాడు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి, పిల్లను తను తీసుకుపోతాడు. శరణ్యకూ అదే కోరిక. అమ్మ తిరిగిన ఇంట్లో, మగ్గం చప్పుడు వినపడే గదిలో తన బిడ్డను పడుకోబెట్టుకోవాలని. చూద్దాంలే అంది అన్నపూర్ణ అప్పట్లో.

తిమ్మయ్య వారానికోసారి బస్సెక్కి ఆదోని వచ్చేవాడు. వేరుశనగ పొడో, వేయించిన బొరుగులో పట్టుకొచ్చి, కూతుర్ని కళ్లారా చూసుకుని సాయంత్రం బస్సుకు పోయేవాడు. వచ్చిన ప్రతిసారీ ఒంటి మీద అదే పంచె. నలిగి, వెలిసి, ఒంటికి తడిగుడ్డలా అతుక్కుపోయిన పంచె. పైగా నడుం నుంచి కాళ్ల దాకా మూరకొక ఎర్ర గీత. మిగిలిపోయిన నూలు ఎక్కడో కలిపి నేసుంటాడులే అనుకుంది శరణ్య. కానీ జరీ అంచు పంచెలు నేసి ఊళ్లకు పంపించే మనిషి, బిడ్డనిచ్చిన ఇంటికి ఇలాగేనా రావడం? ఆమెకు సిగ్గేసేది. తండ్రిని చూసి సిగ్గుపడినందుకు మళ్లీ ఇంకోసారి సిగ్గేసేది.

అన్నపూర్ణకూ మనసు చివుక్కుమంది. ఆరో నెలలో ఒకసారి తాంబూలంలో కొత్త పంచెల చాపు పెట్టి ఇచ్చింది. తర్వాతి వారం తిమ్మయ్య మళ్లీ ఆ పాత పంచెలోనే దిగాడు. ఇచ్చింది కట్టుకోకపోవడం ఆమెకు చెంపమీద కొట్టినట్టయింది. ఎనిమిదో నెల చివర్లో కోడలిని పిలిచి తేల్చి చెప్పింది.

"మీ నాయన మనసు మంచిదే అమ్మీ. కానీ తన ఒంటి మీద గుడ్డే సూసుకోలేని మనిషి బాలింతను ఏం సూసుకుంటాడు? ఆడదిక్కు లేని ఇల్లు. కాన్పు ఈడనే."

శరణ్య గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. ఆ రోజు తండ్రికి ఫోన్ చేసి, నాయనా ఎప్పుడూ అదే పంచె ఏమిటికి కట్టుకొస్తావని మెల్లగా అడిగింది. మెత్తగా ఉంటుందమ్మా అని నవ్వి, వెక్కిళ్లు వస్తున్నాయా బిడ్డకు అని మాట మార్చేశాడు. ఆమె ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి ఏడ్చింది. లోపలి బిడ్డ ఒక తన్ను తన్నింది. ఆ తన్నుకు ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది, అది వేరే సంగతి.

తొమ్మిదో నెలలో మంచిరోజు చూసి గాజులు తొడిగించారు. చుట్టుపక్కల ఆడవాళ్లతో ఇల్లు నిండింది. తిమ్మయ్య ఆటో మాట్లాడుకుని పొద్దున్నే వచ్చాడు. కాన్పు ఇక్కడే అన్న మాట ఆయన చెవిన వేయడానికి శరణ్యకు నోరు రాలేదు, వెంకటసాయికి ధైర్యం రాలేదు. పాపం, ఆయన కూతుర్ని తీసుకుపోవడానికే వచ్చాడు. వెనక సీట్లో బొంత పరిచి, రెండు దిండ్లు కూడా వేసుకొచ్చాడు. చేతిలో పెద్ద బుట్ట, అందులో చలిమిడి, గాజులు, పూలు, దాని మీద కప్పిన తెల్లగుడ్డ. ఒంటి మీద అదే పంచె.

ఆడవాళ్లలో గుసగుస మొదలైంది. అన్నపూర్ణ ముఖం గంజి పెట్టినట్టు బిగుసుకుంది. గాజులు తొడగడం అయ్యేదాకా ఓపిక పట్టి, తర్వాత పళ్లెంలో కొత్త బట్టలు పెట్టి వియ్యంకుడి ముందుకు తెచ్చింది. లోపలికి పోయి కట్టుకోమంది. తిమ్మయ్య తర్వాత కట్టుకుంటానన్నాడు. ఇప్పుడే కట్టుకోవాలంది. నలుగురిలో ఆడమనిషితో వాదులాట బాగుండదని ఆయన లోపలికి పోయి, కొత్త పంచెతో బయటికొచ్చాడు. విడిచిన పాత పంచెను నాలుగు మడతలు వేసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకున్నాడు.

అన్నపూర్ణ చెయ్యి చాచింది. "ఇటియ్యన్నా. సాయిగాడు బండి తుడుసుకునేకి పనికొస్తాది."

"అది వద్దు చెల్లెమ్మా," అన్నాడు తిమ్మయ్య. ఆ ఇంట్లో ఆయన గొంతు గట్టిగా వినపడింది అదే మొదటిసారి. కానీ ఆమె అప్పటికే గుడ్డ అందుకుంది.

అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. అన్నపూర్ణ అత్తింటివాళ్లు తాతల కాలంలో మగ్గం వదిలి పత్తి వ్యాపారంలోకి దిగారు గానీ, ఆమె పుట్టింట్లో మగ్గం ఆడుతూనే ఉండేది. పదేళ్ల పిల్లగా కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. ముప్పైఐదేళ్లు గడిచినా చేతికి గుడ్డ గుర్తుంటుంది. ఆమె ఒక మడత విప్పి వేళ్ల మధ్య నలిపింది. వెన్నలాగా ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. ఎక్కడా ఒక్క చిరుగు లేదు, ఒక్క పోగు తెగలేదు. దగ్గర్నుంచి చూస్తే పేదరికం వల్ల పాతబడిన గుడ్డ కాదది. ఎవరో పని గట్టుకుని పాతబరిచిన గుడ్డ. ఆమె ఎర్ర గీతల మధ్య మోచేయి ఆనించి కొలిచింది. సరిగ్గా మూర. పక్కన ఇంకో మూర. ఇల్లంతా చూస్తోంది.

"అన్నా, ఈ ఎర్ర పోగులు ఏమిటికి ఏసినావు?"

"ఊరికే చెల్లెమ్మా."

"కోసుకునేకి గుర్తు. మూరకొక ముక్క. పొత్తిళ్లలోకి సరిపోతాది. నేనేమన్నా మర్సిపోయినా అనుకుంటివా?" ఆమె గొంతు మారిపోయింది. "ఎప్పట్నుంచి కడతాండావు?"

తిమ్మయ్య తల వంచుకున్నాడు. "నాలుగో నెల నుంచి. మన నేసేవాళ్ల ఇండ్లల్లో అన్నీ కొత్త గుడ్డలే గదా చెల్లెమ్మా, పాత గుడ్డ యాడ తెచ్చేది? శరణ్య వాళ్లమ్మ చీరలన్నీ ఆయమ్మ దినం చేసిన పొద్దే పంచేస్తి. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి ఒరుసుకుంటాది. అందుకే సన్న నూలుతో నేసి, దినామూ కాలవలో ఉతుక్కుని కట్టుకుంటి." అంతలోనే ఏదో తప్పు దొర్లిందని గుర్తొచ్చినట్టు ఆమె వైపు భయంగా చూశాడు. "ముందుగా సిద్ధం చేయకూడదంటారు. నేనేమీ సిద్ధం చేయలే. నా పంచె నేను కట్టుకున్నా, అంతే."

శరణ్య పీట మీద నుంచి లేవబోయింది. గోడ అందలేదు, మోకాలి మీద చెయ్యి నిలవలేదు. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని లేపారు. చేతుల నిండా గాజులు గలగలమంటుంటే పోయి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. ఐదు నెలలుగా ఈ మనిషిని చూసి సిగ్గుపడ్డాను కదా అని ఏడ్చింది, ఇట్లాంటి మనిషికి పుట్టాను కదా అని నవ్వింది. ఆ గోలకు లోపలి బిడ్డ నిద్రలేచి గట్టిగా తన్నింది. కూతురి కడుపు తన కడుపుకు ఆనుకుని ఉండడంతో తిమ్మయ్యకూ ఆ తన్ను తగిలింది. ఆయన ఉలిక్కిపడి, తగిలిన చోటు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అన్నపూర్ణ ముక్కు చీదింది. పంచెను మళ్లీ నాలుగు మడతలు వేసి, కళ్లకద్దుకుని వియ్యంకుడి చేతిలో పెట్టింది. తర్వాత ఆమె చూపు బుట్ట మీద కప్పిన తెల్లగుడ్డ మీద పడింది. దాని మీదా మూరకొక ఎర్ర పోగు.

"ఇదీ దాని జోడే గదా?"

"అవును చెల్లెమ్మా. దీన్ని ఎనక నేస్తి. ఇంకా గట్టిగానే ఉంది. రేపట్నుంచి ఇది కట్టుకుందామని..."

ఆమె మాట పూర్తి కానివ్వలేదు. బుట్ట మీది గుడ్డను లాగి, దులిపి, కరకరలాడే పట్టుచీర మీద కొంగులాగా కప్పుకుని బొడ్లో దోపింది. ఆడవాళ్లంతా నోళ్లు తెరిచారు. "ఇది నేను కట్టుకుంటా. నీకొక్కనికేనా మనమడు?" అని, కోడలి వైపు తిరిగింది. "పో అమ్మీ, మీ నాయనతో. ఆడదిక్కు లేదని ఎవురూ అనకుండా పది రోజులు పోతే నేనే వస్తా. అత్త కోడలి పుట్టింటికి పోయి పురుడు పోసిందని ఆదోని అంతా నవ్వుకుంటే నవ్వుకోని."

చెప్పినట్టే పదకొండో రోజు ఎమ్మిగనూరు బస్టాండులో దిగింది, భుజం మీద అదే గుడ్డతో. అప్పటికే కొంచెం నలిగింది, పసుపు మరకలు కూడా పడ్డాయి. తిమ్మయ్య ఇంటి వంటగదిలో ఆమె కాలు పెట్టాక ఆయనకు తన ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియకుండా పోయింది. అయినా ఆయన మగ్గం మీద కూర్చుని పాట కూనిరాగం తీయడం వీధిలో అందరూ విన్నారు. శరణ్య ఒకప్పుడు వాళ్లమ్మ పడుకున్న మూలలోనే చాప వేసుకుని పడుకునేది. మగ్గం ఆడుతున్నంతసేపూ బిడ్డ కదలకుండా వినేది, ఆగగానే ఒక తన్ను తన్నేది.

ఇంకో తొమ్మిది రోజులకు తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి తీసుకుపోయారు, మధ్యాహ్నానికి ఆడపిల్ల. మనమడు మనమడు అన్నవాళ్లెవరికీ ఆ మాట గుర్తు కూడా లేదు. నర్సు రూత్ తలుపు సందులోంచి తల బయటపెట్టి, తల్లీ బిడ్డా బాగుండారు, మెత్తని పాతగుడ్డ ఏదన్నా ఉంటే ఇవ్వమంది.

ఒకేసారి రెండు చేతులు చాచుకున్నాయి. తిమ్మయ్య చేతిలో ఒక గుడ్డ, అన్నపూర్ణ చేతిలో ఒక గుడ్డ. రూత్ దేన్ని తీసుకోవాలో తెలియక ఇద్దరి ముఖాలూ చూసింది. అన్నపూర్ణ తన గుడ్డను ఒకసారి చెంపకు ఆనించుకుని చూసుకుంది. తర్వాత తిమ్మయ్య గుడ్డను కూడా చెంపకు ఆనించుకుంది. నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందు నీదియ్యి అన్నా," అంది. "నాది ఇంకా పది ఉతుకులు తక్కువుండాది."