బావ చెప్పిన తోట

పెళ్ళైన కొత్తలోనే మా అక్క బావకి ఒక అలవాటు చేసింది. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే "ఇవాళ ఏం చూశారు?" అని అడిగేది. బావ కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు అందుకుని చెప్పడం మొదలుపెట్టేవాడు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు, వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. వినడానికి నేనూ చేరేదాన్ని.

అలా అడగడానికి కారణం ఉంది. మా ఊరికి సముద్రం ఉందన్న మాటే గానీ, మంచి ఒడ్డంతా మిలిటరీ క్యాంపులోకి పోయింది. చుట్టూ ఇద్దరు మనుషుల ఎత్తు గోడ, గోడ మీద ముళ్ళకంచె, ఒకటే గేటు. సముద్రం వైపు నుంచి కూడా ఒడ్డు కనబడేంత దగ్గరికి పడవల్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఊరికి మిగిలింది గోడ బయట రాళ్ళతో నిండిన ఓ ముక్క. అక్కడ నిలబడితే సముద్రం కనబడేది గానీ, కూర్చోవడానికి చోటుండేది కాదు. బావ క్యాంపులో సిపాయిలకి క్షవరం చేసేవాడు. రోజూ గేటు దాటి లోపలికి వెళ్ళొచ్చే ఊరివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో మాట్లాడే అలవాటున్నది ఆయనొక్కడికే.

లోపల సరుగుడు తోట ఉందని బావే చెప్పాడు. చెట్లు వరసగా నీళ్ళదాకా దిగిపోతాయట. కింద ఇసుక జల్లించిన పిండిలా ఉంటుందట. ఒక రాతి బెంచీ, దాని మీద పెద్దాఫీసరు గారి భార్య కూర్చుని పుస్తకం చదువుకుంటుందట. ఒకరోజు ఆవిడ టోపీ గాలికెగిరి నీళ్ళలో పడితే ఓ సిపాయి బూట్లతోనే దిగి తెచ్చిచ్చాడట. కత్తెర పట్టినవాడికి కోతలు కొయ్యడం ఎవరైనా నేర్పాలా అని నేను ఆటపట్టించేదాన్ని. నీ జడకి కూడా నా కత్తెర సరిపోతుంది మరదలా అని ఆయన బెదిరించేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. ఆ కబుర్లంటే చెవి కోసుకునేది. పగలంతా వెలుతురు లేని గదిలో కుట్టుమిషన్ ముందు వంగి కూర్చునే మనిషి. బావ చెబుతున్నంతసేపే ఆమె నడుము నిటారుగా నిలిచేది.

మిలిటరీవాళ్ళు ఎప్పటికైనా వెళ్ళిపోతే మొట్టమొదట నిన్నే ఆ తోటలోకి తీసుకెళ్తానని బావ అక్కకి మాటిచ్చాడు. వాళ్ళు ఎక్కడికి పోతార్లే అన్న ధీమాతో ఇచ్చిన మాటని ఇప్పుడు అనిపిస్తుంది. నా పెళ్ళయింది, మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బావ జుట్టు నెరిసింది, అక్క కళ్ళకి అద్దాలొచ్చాయి. అప్పుడు వాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు.

ఖాళీ అయిన నేలని ఏం చెయ్యాలో ఊరివాళ్ళే చెప్పమని ప్లానింగ్ ఆఫీసు సభ పెట్టింది. హాల్లో గోడకి పెద్ద మ్యాపు తగిలించారు. అందులో ప్రహరీ, గేటు, తీరం గీత తప్ప మిగతాదంతా తెల్లగా ఖాళీ. పేలని గుండ్లేమైనా మిగిలాయేమో వెతికి తీసేదాకా లోపలికి ఎవర్నీ రానివ్వరట. మిలిటరీవాళ్ళు తమ దగ్గరున్న మ్యాపులు బయటికివ్వరట. కానీ ప్లాను ముసాయిదా మాత్రం ఈలోపే తయారవ్వాలట. పిల్లని చూడకుండానే ముహూర్తం పెట్టమన్నట్టుందని మా ఆయన గొణిగాడు. ప్లానింగ్ ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. కళ్ళజోడు నెత్తి మీదకి నెట్టుకుని, అందరూ చెప్పింది ఓపిగ్గా విని రాసుకుంది. మాటకి అడ్డం వచ్చినవాళ్ళని కూడా కసురుకోలేదు.

మా ఆయనకి పడవ ఉంది. ఊళ్ళో పడవలవాళ్ళందరి తరఫునా ఆయనే లేచి, క్యాంపు ఒడ్డుకి సరిగ్గా నడుమనున్న ముక్క అడిగాడు. అక్కడ అల తక్కువని క్యాంపు రాకముందు పడవలు లాగిన ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు, పైగా ఊరికి దగ్గర. ఇన్నాళ్ళూ మేం పడవలు లాక్కున్నది రాళ్ళ మీదికే. ప్రతి వానాకాలం ఎవరిదో చెయ్యో కాలో విరుగుతుంది. మా ఆయన ఎడమ పాదం పడవ కింద పడి నలిగి, ఇప్పటికీ కుంటుతాడు. మా పెద్దాడు కూడా పడవెక్కడం మొదలుపెట్టాడు. వాడి కాళ్ళైనా నాకు కాళ్ళలా మిగలాలి. నాకు కావలసింది అంతే, అంతకుమించి ఆ నేలతో నాకు పనిలేదు.

హాల్లో చాలామంది తలలూపారు. పనైపోయిందనుకుంటుండగా మా అక్క లేచింది. నలుగురిలో నోరు విప్పి ఎరగని మనిషి. ఆ ముక్కలోనే సరుగుడు తోట ఉందని, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అంది. పడవలొస్తే చెట్లు మిగలవంది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి సాయంత్రం పూట కాసేపు కూర్చోవడానికి ఎక్కడైనా చోటుందా అని అడిగింది. చెట్ల వరస, ఇసుక, రాతి బెంచీ, అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పింది. ఇంత బాగా మాట్లాడుతుందని నాకే తెలీదు. ఒళ్ళు మండిపోతున్నా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఇవన్నీ మీకెలా తెలుసమ్మా అని ఆఫీసరు అడిగింది. మా ఆయన చూశారంది అక్క. హాలంతా బావ వైపు తిరిగింది. నిజమేనా అండీ అని ఆఫీసరు ఆయన్నే అడిగింది. బావ నీళ్ళు నమిలాడు. తర్వాత తలూపాడు.

నెల తిరిగేసరికి ముసాయిదా వచ్చింది. ఒడ్డు మొత్తాన్ని తోటగానే ఉంచాలి, అక్కడ కట్టడమూ రాకూడదు, పడవా రాకూడదు. సొంత అక్కవై ఉండి నా కడుపు మీద కొట్టావని వాళ్ళ గుమ్మంలోనే నిలబడి అనేశాను. ఒక్క ముక్కే కదే నేనడిగింది, అంది అక్క. నేనడిగిందీ ఆ ఒక్క ముక్కే అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు మా మధ్య మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ఆమె చేతిసంచీలోకి చూసుకునేది, నేను ఆకాశంలోకి చూసేదాన్ని.

గుండ్లు వెతకడం పూర్తయ్యాక ఒక ఆదివారం గేటు తెరిచారు. ఊరు ఊరంతా కదిలింది. ఒంట్లో బాగాలేదని బావ ముసుగుతన్ని పడుకుంటే, అక్క దుప్పటి లాగి లేపిందట. గేటు దగ్గర నన్ను చూడగానే మాటల్లేవన్న సంగతి మరిచిపోయి, "రావే, తోట చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుంది. కొత్త బట్టలు కట్టుకుంది. ఆ చెయ్యి విదిలించుకోవడానికి నాకు మనసొప్పలేదు.

లోపలికి అడుగుపెట్టాక బావ కాపలావాడి దగ్గర ఆగి, క్షవరం గది ఎటు అని అడిగాడు. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి దారి అడగడం నాకు వింతగా తోచింది. అన్నీ మార్చేశారని గొణిగాడు. ఆ గది ఒక రేకుల షెడ్డు. అక్కడికి చేరాక, ఇక్కడి నుంచి ఎటు అంది అక్క. బావ అటూ ఇటూ చూసి, అలల చప్పుడు వస్తున్న వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఒక్క చెట్టు లేదు. నీళ్ళలోకి ఏటవాలుగా దిగిన పెద్ద సిమెంటు చప్టా ఉంది. మిలిటరీవాళ్ళు తమ పడవలు పైకి లాక్కోవడానికి పోసుకున్నది. మా ఆయన కుంటుకుంటూ చివరిదాకా దిగి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, బాగున్న పాదంతో అడుగు తడిమి చూశాడు. వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపులో పెళ్ళినాటి సంతోషం కనబడింది. మేం అడిగింది అడిగినట్టు, ఎవరో ముందే కట్టిపెట్టారు. అక్క ఇంకా చెట్లకోసమే చూస్తోంది. కొట్టేశారా అని బావని అడిగింది.

"కొట్టేసే ఉంటారు" అన్నాడు బావ.

ఆ మాట పక్కనే ఉన్న వాకింగ్ క్లబ్బు పెద్దమనుషుల చెవిన పడింది. వాళ్ళకి ఒడ్డున నడవడానికి మంచి బాట కావాలి, చేపల కంపు అక్కర్లేదు. ఎక్కడైనా పచ్చదనం నరికేసి ఉంటే దాన్ని మళ్ళీ పెంచి తీరాలని రూలుందట, వాళ్ళు ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళి ఆ రూలు పట్టుకున్నారు. చప్టా పగలగొట్టి మళ్ళీ సరుగుడు నాటాలని ముసాయిదాకి ఒక వాక్యం చేరింది. అభ్యంతరాలుంటే చివరి సభలో చెప్పుకోవాలన్నారు.

ఆ ఆదివారం తిరిగొస్తూ నేను ఆ షెడ్డులోకి తొంగిచూశాను. ఒకటే కిటికీ. దాని అద్దానికి తెల్లరంగు దట్టంగా పూసి ఉంది. పెచ్చులూడుతున్న పాత రంగు. లోపల నిలబడ్డవాడికి బయటిదేదీ కనబడదు.

ముసాయిదాలో ఆ వాక్యం చేరిందని తెలిసిన మర్నాడు వాళ్ళింటి మెట్ల మీద బావని పట్టుకున్నాను. లోపల అక్క మిషన్ చప్పుడు వినబడుతోంది. ఆ గదిలోంచి ఏం కనబడేది బావా అని అడిగాను. ముందు మాట దాటేశాడు. నేను కదలకపోయేసరికి చెప్పేశాడు. గేటు దగ్గర మూసిన వ్యాను ఎక్కించేవాళ్ళు, గది గుమ్మంలో దింపేవాళ్ళు, పనయ్యాక మళ్ళీ అదే వ్యాన్లో గేటు దగ్గరికి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంతే. ఆ ఒడ్డున సముద్రాన్ని ఆయన విన్నాడు గానీ చూడలేదు.

"మొదటిరోజు ఇంటికొచ్చేసరికి మీ అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఏం చూశారంది. ఆ మొహం చూశాక, నేలమీద పడిన జుట్టు చూశానని ఎలా చెప్పను మరదలా? చెట్లున్నాయన్నాను. మర్నాడు, చెట్ల కింద ఏముందని అడిగింది."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ చప్టా కళ్ళముందు మెదిలింది, మా పెద్దాడి కాళ్ళు మెదిలాయి. ఈ మాటే సభలో చెప్పు బావా అన్నాను. తోట ఎప్పుడూ లేదని తేలితే తప్ప చప్టా మిగలదని వివరంగా చెప్పాను. చెప్తాను, మీ అక్కని మాత్రం ఆ రోజు ఎలాగైనా ఇంట్లోనే ఉంచు, అన్నాడు. అప్పుడు గమనించాను, లోపల మిషన్ చప్పుడు ఆగిపోయి ఉంది. ఎప్పుడాగిందో మా ఇద్దరికీ తెలీదు. కాసేపటికి అదే మళ్ళీ మొదలైంది. అక్క బయటికి రాలేదు.

చివరి సభకి ఆమె అందరికంటే ముందు వచ్చి, మొదటి వరసలో కూర్చుంది. ఆఫీసరు అభ్యంతరాలు అడగ్గానే లేచింది. పక్కన బావ కూడా లేవబోతే, ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది.

"తోట మాట మా ఆయనది కాదండీ, నాది. లోపల సముద్రం చప్పుడు వినబడుతుందని మాత్రమే ఆయన చెప్పారు. చెట్లూ బెంచీ నేను కల్పించుకున్నాను. అందరిలో నా పరువు పోతుందని ఆయన తలూపారు, కొట్టేసే ఉంటారన్నదీ అందుకే. అక్కడ ఏ తోటా లేదు. చప్టా పడవలవాళ్ళకి ఇచ్చెయ్యండి."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది హాలంతా పాకింది. బట్టలు కుట్టేచోట కథలు కూడా కుట్టిస్తారన్నమాట అన్నాడొక పెద్దమనిషి. ఆఫీసరు నవ్వలేదు, థాంక్సండీ అని మెల్లగా చెప్పింది. బావ తలెత్తలేదు. నిజం తెలిసినదాన్ని నేనూ లేవలేదు. లేస్తే అక్క చేసింది వృథా అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ చప్టా మాకు దక్కబోతోందన్న సంతోషం కూడా అప్పుడు నా గుండెలో ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చప్టా మాకు ఇచ్చారు. తోట మాట ఎత్తేశారు. మొదటిసారి పడవలు దాని మీదికి ఎక్కుతుంటే ఊరంతా వచ్చింది. అక్క రాలేదు. ఆమెని ఊరు ఇప్పుడు 'తోటావిడ' అంటోంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు సరుగుళ్ళకి నీళ్ళు పోశావా అని అడిగి పోతున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నీ మాట పోగొట్టుకుని మా కాళ్ళు నిలబెట్టావే అక్కా అని ఏడ్చాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, నవ్వేవాళ్ళని నవ్వనీ, దానికి కాదే నా బాధ, అంది.

"రోజూ అడిగి అడిగి ఆ మనిషి చేత అన్నేళ్ళు అబద్ధాలు ఆడించాను. ఇంకే మొహం పెట్టుకుని అడగను?"

బావ ఇప్పుడు రోజూ సాయంత్రం చప్టా దగ్గరికొస్తాడు. అన్నీ చూస్తాడు. ఎవరి పడవకి ఏ రంగేశారు, ఎవరి వలలో తాబేలు పడితే వదిలేశారు, పొద్దు వాలేటప్పుడు నీళ్ళు ఎలా మారతాయి, అన్నీ. అర్థంకానిది నన్నాపి అడుగుతాడు. నా నోటిదురుసు ఊరుకోదు కదా, మళ్ళీ కోతలకి సరుకు పోగేస్తున్నావా బావా అన్నాను మొన్న. ఆయన నవ్వలేదు.

"ఈసారి అన్నీ నిజాలే మరదలా" అన్నాడు. "ఇంటికెళ్ళి టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాను. మీ అక్క అడగడం లేదు."