చాంద్‌మారి గొయ్యి

“పగలగొట్టేటి కుండలకు గింతగనం మన్ను తొక్కుడెందుకే? రెండు రాళ్లుంటే ఏంబోయింది?” అన్నాడు ఉప్పలయ్య, నెత్తిమీది ఎర్ర రుమాలు సర్దుకుంటూ. ఐలవ్వ తొక్కుతూనే ఉంది. రాయి ఉంటే ఆ పెంకు పడేది తన నెత్తిమీదే కదా! పైగా చెడ్డ మన్ను తొక్కడం ఆమె కాళ్లకు రాదు. ఏడాదిగా ఎన్ని కుండలకు మన్ను తొక్కిందో! ఒక్కదాంట్లోనైనా ఎవరూ బువ్వ వండుకోలేదు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. సిద్దిపేట పొలిమేరలో గుట్ట కింద దొర తన దోస్తుల కోసం తుపాకులు కాల్చే క్లబ్బు పెట్టాడు. చాంద్‌మారి అంటారు దాన్ని. అధికార్లు, వకీళ్లు, దొరలు తప్ప ఇంకొకరు చేరడానికి లేదు. కొత్తగా చేరేవాడు అందరి ముందూ వరసగా ఐదు కుండలు పగలగొట్టాలి. ఆ కుండలు ఊరికే చేసివ్వడం ఉప్పలయ్య మీద పడ్డ వెట్టి. అయినా దొర చేత ఆ ఎర్ర రుమాలు కట్టించుకున్న రోజు అతని సంబరం చూడాలి! “మనం గూడ చేరినమే క్లబ్బుల! నా పేరు, నీ పేరు రాయించిన” అన్నాడు. రుమాలు అతనికి, గొయ్యి ఆమెకు. అతను దొర పక్కన నిలబడి తుపాకులు తుడిచి అందిస్తాడు. ఆమె మట్టికట్ట వెనక గోతిలో కూర్చుని, ఈల వినగానే కర్రకు కుండ బోర్లించి పైకి లేపాలి. కుండ పగిలితే పెంకులు మీద రాలతాయి. చప్పుడు గుట్ట బండకు కొట్టుకుని మళ్లీ గోతిలోకే వచ్చి పడుతుంది.

ఒళ్లో తొమ్మిది నెలల మైసయ్య. పాలు మానని వాణ్ణి ఎక్కడ దించిపోతుంది? “నువ్వుంచుకో అత్తా” అంటే, “నాకేమన్న పాలస్తున్నయా?” అంది పెంటవ్వ. మొదట్లో వాడు ప్రతి దెబ్బకూ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చేవాడు. “అలవాటు గానియ్యే, మొగపోరడు” అన్నాడు ఉప్పలయ్య. నిజంగానే కొన్నాళ్లకు ఏడుపు ఆగింది. తుపాకులు మోగుతున్నా నిమ్మళంగా పాలు తాగేవాడు. “నీ కొడుకుది గట్టి గుండెరా” అని దొర మెచ్చుకున్నాడట. ఆ పూట పెంటవ్వ మనవడికి దిష్టి తీసింది. ఐలవ్వ కూడా మురిసింది. ఆ మురిపెమే ఇప్పుడు ఆమెను నమిలి తింటోంది.

ఇవాళ పొద్దున, కొత్తగా చేరే వకీలు కోసం పోయిన వారం తొక్కిన మన్నుతో చేసిన కుండలు గంపకెత్తుతుంటే, ఒక వరస జారి ఒక్కసారిగా బండమీద పడి పగిలింది. కోళ్లు చెదిరిపోయాయి. పక్కింటి వాళ్లు బయటికొచ్చారు. వాకిట్లో అటు తిరిగి కూర్చున్న మైసయ్య మాత్రం తల తిప్పలేదు. ఆమె పిలిచింది. చప్పట్లు కొట్టింది. కంచం తెచ్చి చెవి పక్కనే గరిటెతో బాదింది. ఆమె నీడ మీద పడ్డాక వాడు తిరిగి చూసి నవ్వాడు. అలవాటు కాలేదు, వాడికి వినపడటం లేదు! ఎన్నాళ్ల నుంచి? తను మురిసిన రోజు నుంచేనా? తన చేతులతోనే కదా మోసుకుపోయింది, తన చేతులతోనే కదా ఒక్కో కుండా లేపింది. దొరను తిట్టుకుంది, మొగుణ్ణి తిట్టుకుంది, చివరికి ఎవరూ చాలక తనను తానే తిట్టుకుంది.

“పోరనికి చెవులు పోయినయి. దవాఖానకు పోదాం” అంది ఉప్పలయ్యతో.

“గియ్యాలనే మోపైందా నీ లొల్లి! వకీలు సాబు చేరుతుండు. పోకపోతే దొర మనల ఊర్లె ఉండనిస్తడా? రేపు జూద్దాం తియ్.”

అతని గొంతులో భయం ఉంది. అది కొడుకు గురించి కాదు.

ఆమె వెళ్లింది. వెళ్లకుండా ఉండటం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మిగిలిన కుండలతో గోతిలో దిగి, కొడుకును ఒళ్లో అదుముకుంది. కొంచెమైనా వినికిడి మిగిలి ఉంటే? వాడికి రెండు చెవులు. ఒక చేతిలో కర్ర ఉంది, ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే. మొదటి కుండకు కుడి చెవి మూసింది, రెండోదానికి ఎడమది. ఏ చెవిని కాపాడాలో తేల్చుకోలేక మూడు, నాలుగు కుండలకు ఏడుస్తూనే ఉంది. అవతల శభాష్‌లు.

ఐదో ఈల వినిపించింది. ఐలవ్వ కర్ర వదిలేసింది. రెండు చేతులతో కొడుకు రెండు చెవులూ మూసింది.

మళ్లీ ఈల. కాసేపటికి ఉప్పలయ్య ఉరికొచ్చి కట్టమీంచి వంగాడు. “లేపవేందే! గిదొక్కటైతే ఆయన చేరినట్టే. నీ కాళ్లు మొక్కుత, లేపే!”

ఆమె కొడుకును చంకనేసుకుని గోతిలోంచి పైకెక్కింది. ఏడాదిలో మొదటిసారి, కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఆమెకు కనిపించారు.

“నా పేరు కొట్టేయిమను! నేను నా కొడుకును తీస్కొని దవాఖానకు పోతున్న!”

బుద్ధెరిగాక అంత గట్టిగా ఆమె ఎన్నడూ అరవలేదు. కుర్చీల్లోని వాళ్లంతా ఉలిక్కిపడి లేచారు. ఆ కేక పక్కనే ఉన్న మైసయ్య మాత్రం, ఆమె మెడలోని పూసలు నోట్లో పెట్టుకుని నిమ్మళంగా చప్పరిస్తున్నాడు.