నెలకో స్తంభం

రోసెండా వచ్చి టేపు పట్టిందంటే ఆ కట్టడానికి నూకలు చెల్లినట్టేనని ఇలోయిలో అనే ఆ ఊరంతా అనుకునేది. అనుకోక ఏం చేస్తుంది! మ్యూజియం తరఫున ఇరవయ్యేళ్ళుగా పాత బస్టాండు, ఐసు ఫ్యాక్టరీ, టెలిఫోన్ ఆఫీసు, ఇలా ఎన్నిటినో తవ్వకాల్లో దొరికిన కుండలంత జాగ్రత్తగా కొలిచి, బొమ్మలు గీసి, ఫొటోలు తీసింది. మొత్తం ముప్పయ్యొక్కటి. ఒక్కటీ మిగల్లేదు. ఆమె నివేదిక అందేదాకా గోడమీద గునపం పడకూడదని నియమం. అందిన మర్నాడే యంత్రాలు దిగేవి. పైగా పని చకచకా ముగిస్తుందని ఆవిడకి మంచి పేరొకటి!

ఇప్పుడు ముప్పయ్యిరెండోది, నది పక్కన మూతబడ్డ సినిమా హాలు.

"నిన్న మొన్నటి సిమెంటుకి కూడా పురావస్తు పరిశోధనేనా, ఇందాయ్? రేపు నన్నూ అద్దాల పెట్టెలో పెడతావా ఏంటి?" అన్నాడు కాపలాదారు సెవెరో. డెబ్బయ్యారేళ్ళ మనిషి. వయసులో ఉండగా ఇక్కడే కాంక్రీటు మోశాడు, తర్వాత గేటు దగ్గర టికెట్లు చింపాడు, ఇప్పుడు తెర వెనక గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. హాలు పోతే తల దాచుకోను చోటు లేదు.

"పెడతాను మానోంగ్, కాసేపు నోరు మూసుకుంటానంటే" అంది రోసెండా. అక్కడ ఆడపిల్లని ఇందాయ్ అనీ, పెద్దాయన్ని మానోంగ్ అనీ పిలుస్తారు.

యాభై ఏళ్ళు నిండిన కట్టడాన్ని చట్టం కాపాడుతుంది. కానీ ఈ హాలు కాగితాలు తుఫాను వరదలో కొట్టుకుపోయాయి. "డెబ్బై రెండులో కట్టాం. మొదటి స్తంభం కింద కోడి నెత్తురు చల్లి, మన ఆనవాయితీ ప్రకారం ఆ ఏటి కొత్త పీసో నాణెం నేనే వేశాను. తవ్వి చూసుకో" అని వారం నుంచి సెవెరో ఒకటే పోరు.

ఉప్పుగాలికి బీటలిచ్చిన స్తంభం అడుగును ఇద్దరూ కలిసి పొద్దుటినుంచి చెక్కారు. నాణెం దొరికింది. రోసెండా పళ్ళబ్రష్‌తో రుద్ది చూసింది. 1977. యాభై నిండడానికి ఇంకా రెండేళ్ళు తక్కువ.

సెవెరో పిడికిలి విప్పాడు. అందులో మట్టి పులిమిన మరో పీసో. 1972.

"ఇది పెట్టి ఫొటో తీసెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"అంటే మీకు ముందే తెలుసా?"

"కట్టినవాణ్ణి, నాకు తెలీదా?"

రోసెండాకి కోపం రాలేదు. కోపానికైనా ఓపికుండాలి కదా. అక్కడే చతికిలబడింది. ముప్పయ్యొక్కసార్లు నిజం రాసి ఏం నిలబెట్టింది గనక? అయితే ఆ రాతలు తప్ప ఆ ముప్పయ్యొక్కటికీ ఈ లోకంలో మిగిలిందేమీ లేదు. ఇక్కడ బొంకితే అవన్నీ బొంకులే అయిపోతాయి.

"వద్దు మానోంగ్" అని పుస్తకంలో 1977 అని రాసుకుంది.

"రాసుకో తల్లీ, రాసుకో. పాడె కట్టడానికొచ్చినదానివి, కట్టకుండా పోతావా" అని ముసలాయన మొహం తిప్పుకున్నాడు. ఆ మాట ఆమెకి చురుక్కుమని తగిలింది.

అంతలో ఫోను మోగింది. స్థలం కొన్నవాళ్ళ మేనేజరు.

"శుక్రవారానికి ఇచ్చేస్తారు కదా మేడమ్? మీరు చాలా ఫాస్టటగా!"

రోసెండా నొప్పెడుతున్న మోకాళ్ళు రాసుకుంటూ హాల్లోకి చూసింది. రెండు వరసలు, వరసకి పన్నెండు స్తంభాలు. ఇన్నేళ్ళూ ఒకదాన్ని చూసి, మిగతావీ ఇలాంటివేనని రాసేసేది. పద్ధతి ప్రకారమైతే ప్రతిదాన్నీ చూడాలి.

"ఒక్క స్తంభమే అయిందండీ" అంది. "ఇంకా ఇరవై మూడున్నాయి. చేత్తోనే చెక్కాలి, మిషన్లు పెట్టకూడదు. నా మోకాళ్ళు చూస్తే ఇలా ఏడుస్తున్నాయి. నెలకొకటి అవుతుందేమో. ఆపైన నివేదిక రాయడానికి ఇంకో నెల."

అవతల కేకలు మొదలయ్యాయి. ఆమె ఫోను పెట్టేసింది.

సెవెరో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆగి, నమ్మకం కుదరక మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. సరిగ్గా రెండేళ్ళు.

"రేపు రెండోది మొదలెడదామా, ఇందాయ్?"

"తొందరేముంది మానోంగ్? ఇరవయ్యేళ్ళూ తొందరపడి చచ్చాను" అంది రోసెండా. "ముందు నాకో కుర్చీ దులపండి. కాసేపు కూర్చోవాలి."